గట్టు పొదల్లో రాత్రి అరిచేది ట్రీ క్రికెటా, కాటిడిడా?

మీరడిగింది రెండు సంగతులండి: సార్వా చేలో, కాలువ గట్టు పొదల్లో రాత్రిళ్ళు అరిచే పచ్చపురుగు ట్రీ క్రికెటా (చెట్లూ పొదల మీద ఉండే కీచురాయి), కాటిడిడా (పొడుగు మీసాల మిడత) అని, దానికి మందు కొట్టాలా అని.

రంగు చూసి తేల్చకండి. రెండూ పచ్చగానే ఉంటాయి, రెండింటికీ మీసాలు ఒంటికన్నా పొడుగే. మీసాలు పొట్టిగా ఉంటే అది మామూలు మిడత. రెక్కలు చూడండి. మగ ట్రీ క్రికెట్‌కి వెడల్పాటి, గాజులాంటి రెక్కలు వీపు మీద బల్లపరుపుగా పరుచుకుంటాయి, కుడిది పైన ఉంటుంది. కాటిడిడ్ రెక్కలు ఒంటికి రెండు పక్కలా నిలువుగా వాలి ఉంటాయి, ఎడమది పైన. ట్రీ క్రికెట్లలో ఆడది అరవదు. ఆడవాటికి తోక చివర గుడ్లు పెట్టే గొట్టం చూడాలి: ట్రీ క్రికెట్‌కి సన్నగా సూదిమొనతో, కాటిడిడ్‌కి పక్కల నుంచి నొక్కినట్టు కత్తి ఆకారంలో ఉంటుంది. కొండి అనుకుని చంపేస్తుంటారు గానీ అది కుట్టదు. పెద్ద కాటిడిడ్ మాత్రం చేత్తో పడితే కొరుకుతుంది, సీసాలోకి తోలండి.

ట్రీ క్రికెట్‌ది ఒకే శ్రుతి, సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ (కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి వెయ్యి కంపనాలు). చలి పెరిగేకొద్దీ శ్రుతి దిగుతుంది. కాటిడిడ్‌ది గరగరమనే చప్పుడు, చాలావాటిలో ఎక్కువ భాగం 10 కిలోహెర్ట్జ్ పైనే. వయసు మళ్ళినవారికి అది సరిగా వినపడకపోవచ్చు, కుర్రవాళ్ళని వెంట తీసుకెళ్ళండి.

దగ్గరికెళ్తే అరుపు ఆగిపోతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, కదలకుండా రెండు మూడు నిమిషాలు ఆగండి. మళ్ళీ మొదలయ్యాక రెండు చోట్ల నిలబడి దిక్కు పట్టుకుంటే పొద తెలుస్తుంది. చిల్లు పడిన పెద్ద ఆకుల్ని ముందు వెతకండి. దక్షిణ భారతంలోని ఈకాంథస్ హెన్రీ అనే ట్రీ క్రికెట్‌లో కొన్ని మగవి ఆకు మధ్య చిల్లు కొరికి, అందులోంచి తల బయటపెట్టి, రెక్కలు ఆకుకి ఆనేలా నిలిచి అరుస్తాయి. రెక్క ముందు వైపు, వెనక వైపు పుట్టే ధ్వని ఒకదాన్నొకటి చెరుపుకోకుండా ఆకు అడ్డుపడుతుంది, అరుపు దూరం పోతుంది. ఇంత చిన్న ప్రాణికి ఎంత నేర్పో చూడండి!

ఇక మందు సంగతి. వరిలో ఉండే సన్నపాటి కాటిడిడ్, కోనోసెఫాలస్, కంకుల్ని కాస్త కొరికినా కాండం తొలిచే పురుగు గుడ్లని తింటుంది. దాని మీద మందు కొడితే సుడిదోమని తినే సాలీళ్ళూ పోతాయి, ఆనక సుడిదోమ రెచ్చిపోతుంది. చదరపు మీటరుకి కాండం తొలిచే పురుగు గుడ్ల ముద్ద ఒకటి గానీ, రెక్కల పురుగు ఒకటి గానీ కనిపిస్తేనే మందు మాట ఆలోచించండి.