ఊరి సంగతి తర్వాత, ముందు ఆ ఏటీఎం కార్డు

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో గవర్నమెంటు టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మూడేళ్ల క్రితం మావారు పోయాక బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కొడుకూ కోడలూ బాగానే చూసుకుంటారు. మనవణ్ణి స్కూల్ బస్సు ఎక్కించేదీ, సాయంత్రం తీసుకొచ్చేదీ నేనే. నా పెన్షన్ వ్యవహారాలన్నీ అబ్బాయే చూస్తాడు, ఏటీఎం కార్డు కూడా తన దగ్గరే ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున మర్చిపోకుండా దేవుడి గూట్లో రెండు వేలు పెడతాడు, నా చేతిఖర్చుకి. నాకు ఒక్కదాన్నే నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావాలని ఉంది. అడిగితే, "ఈ వయసులో ఒక్కదానివే ఏంటమ్మా, నలుగురూ మమ్మల్ని ఏమనుకుంటారు? డిసెంబర్‌లో అందరం వెళ్దాంలే" అంటాడు. చెన్నైలో చెల్లెలి ఇంటికని చెప్పి, అక్కణ్ణుంచి పాండిచ్చేరి వెళ్దామా అనుకుంటున్నాను. నా వయసు ఆడవాళ్లకి ఒంటరిగా వెళ్లినా ఆదరంగా ఉండే ఊళ్లు ఏవి? మైసూరు మంచిదా, పాండిచ్చేరి మంచిదా?
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: అమ్మా, ఊళ్ల గురించి చివర్లో చెప్తాను. అదేమంత పెద్ద ప్రశ్న కాదు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది దేవుడి గూట్లోని ఆ రెండు వేలు.

మీరు ఆ మాట సంతోషంగానే రాశారు. నాకు మాత్రం చదువుతుంటే మనసు చివుక్కుమంది. ఏళ్ల తరబడి బళ్లో నిలబడి, గొంతు పోయేలా పాఠాలు చెప్పి సంపాదించుకున్న పెన్షన్ మీది. అది మీ అకౌంట్లో పడుతుంది. అందులోంచి కాస్త మీకే చేతిఖర్చుగా వస్తుంది, కొడుకు ఇచ్చినట్టు. మాత్రలకి, గుళ్లో హుండీకి, మనవడి ఐస్‌క్రీముకి పోగా ఇంకా ఎంత ఉందో గూట్లో చెయ్యి పెట్టి తడుముకునే మనిషి, మైసూరు టికెట్ కోసం కొడుకు మొహం చూడక ఏం చేస్తుంది?

మీ అబ్బాయి చెడ్డవాడని నేననడం లేదు. ఆ డబ్బు తను వాడుకుంటున్నాడనీ అనడం లేదు. తండ్రి పోయిన ఇళ్లలో చాలామంది కొడుకులు ఇలాగే చేస్తారు. కర్మకాండలు అయ్యీ అవగానే బ్యాంకు పనులు, పెన్షన్ కాగితాలు, కరెంటు బిల్లు అన్నీ నెత్తినేసుకుంటారు. "నీకెందుకమ్మా టెన్షన్" అంటారు. ఆ రోజుల్లో అది నిజంగా పెద్ద సాయం. అయితే దుఃఖంలో అప్పజెప్పినవాటిని తేరుకున్నాక వెనక్కి తీసుకోవాలి. మీరు అడగలేదు, అతనికీ ఇవ్వాలని తోచలేదు. అలా మూడేళ్లు గడిచేసరికి ఇంట్లో అతను పెద్దవాడయ్యాడు, మీరు అడిగి వెళ్లాల్సిన పిల్ల అయ్యారు. మీరు తేల్చుకోవలసింది ఇదీ. పాండిచ్చేరిలో సముద్రం బాగుంటుందా లేదా అన్నది కాదు.

చెల్లెలి పేరు చెప్పి వెళ్లే ఆలోచనకి మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. పాండిచ్చేరిలో మీరు బాత్రూంలో కాలు జారి పడ్డారనుకోండి. హోటల్ వాళ్లు మీ అబ్బాయికి ఫోన్ చేస్తారు. అమ్మ చెన్నైలో పిన్ని ఇంట్లో ఉందనుకుంటున్న కొడుకు ఆ ఫోన్ ఎత్తాలి. అలాంటి దెబ్బ ఏ బిడ్డకీ కొట్టకూడదు. పైగా మీ చెల్లెలి చేత కూడా అబద్ధం ఆడించాలి. ఏమీ జరక్కుండా క్షేమంగా తిరిగొచ్చినా, మీరు చూసిందేదీ ఇంట్లో నోరు తెరిచి చెప్పుకోలేరు. పిల్లలకి నిజం చెప్పమని నేర్పిన మీరు 64 ఏళ్ల వయసులో దొంగచాటుగా బస్సెక్కడమేమిటమ్మా?

ఓ ఆదివారం పొద్దున్న, అబ్బాయి తీరిగ్గా కాఫీ తాగుతున్నప్పుడు అడగండి. "నాన్నా, ఆ కార్డూ పాస్‌బుక్కూ ఇలా ఇవ్వు. ఇకనుంచి నేనే చూసుకుంటాను. అర్థం కానిది ఉంటే నిన్నే అడుగుతాను." అంతకుమించి ఒక్క మాట వద్దు, పాత లెక్కలు అసలే వద్దు. మర్నాడు బ్యాంకుకి వెళ్లి అకౌంటుకి ఎవరి ఫోన్ నంబర్ ఉందో కనుక్కోండి. అబ్బాయిదైతే మీది పెట్టించుకోండి. ఏటీఎం పిన్ మార్చుకోండి. వచ్చే నెల నుంచి ఇంటిఖర్చుకి మీ వంతు మీ చేత్తో కోడలికి ఇవ్వండి. పెన్షన్ వచ్చే తల్లి కొడుకింట్లో ఊరికే కూర్చుని తినాలని నేననుకోను.

ఆ తర్వాత ప్రయాణం మాట. అడగడం కాదు, చెప్పడం. "ఫలానా శనివారం మైసూరు వెళ్తున్నాను, మంగళవారం సాయంత్రానికి వచ్చేస్తాను" అని కనీసం రెండు వారాల ముందు చెప్పండి. మనవణ్ణి బస్సు దగ్గరికి తీసుకెళ్లేది మీరే కాబట్టి, సోమ, మంగళవారాలకి వాళ్లు వేరే ఏర్పాటు చేసుకోవాలి. వాడి పరీక్షల రోజుల్లో మాత్రం పెట్టుకోకండి. ఉద్యోగాలు చేసుకునే పిల్లల్ని ఉన్నపళంగా ఇబ్బంది పెట్టడం ధర్మం కాదు. నలుగురూ ఏమనుకుంటారన్న మాటకి జవాబు చెప్పే పనే పెట్టుకోకండి. ఆ నలుగురిలో ఒక్కరూ మీ పెన్షన్ కాగితం మీద సంతకం పెట్టేవారు కాదు.

ఇక ఊళ్లు. మొదటిసారికి మైసూరే. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే మారే పని లేకుండా సిటీ రైల్వే స్టేషన్ దగ్గర దిగుతారు, అక్కణ్ణుంచి మైసూరుకి రోజంతా రైళ్లున్నాయి. ఆటోవాళ్లతో బేరం లేదు. ఒంట్లో బాగోకపోతే సాయంత్రానికల్లా ఇంటికి చేరుకోవచ్చు. పనిమనిషితో మాట్లాడే కన్నడంతో నాలుగు రోజులూ నెట్టుకురావచ్చు. ఆదివారం రాత్రి ఏడింటికి ప్యాలెస్ దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, అప్పటికి అక్కడ ఉండేలా చూసుకోండి. చాముండి కొండకి వెయ్యి మెట్లున్నాయి, మోకాళ్లని పరీక్షించకుండా సిటీ బస్సులో పైకి వెళ్లండి. ఆధార్‌లో మీ అడ్రస్ కర్ణాటకకి మారి ఉంటే శక్తి పథకం కింద ప్రభుత్వ మామూలు బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. ఇంకా ప్రకాశం జిల్లా అడ్రసే ఉంటే అది మీకు వర్తించదు.

పాండిచ్చేరి రెండోసారికి ఉంచుకోండి. మంచి ఊరే. సాయంత్రం బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, మీ వయసువాళ్లు బోలెడుమంది నడుస్తూ కనిపిస్తారు. హంపి మాత్రం ఒంటరిగా వద్దు, ఆ రాళ్లలో, ఆ ఎండలో పక్కన మనిషి ఉండాలి. యాత్రాస్థలాల్లో కొన్ని సత్రాలవాళ్లు ఒక్క మనిషికి గది ఇవ్వరు, ముందే ఫోన్ చేసి అడగండి. ఎక్కడికెళ్లినా పగటిపూటే ఊళ్లో దిగేలా చూసుకోండి, బస స్టేషన్‌కి దగ్గర్లో తీసుకోండి. రాత్రి రైలైతే, ఒంటరిగా వెళ్లే 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది, బుక్ చేసేటప్పుడు అదే ఎంచుకోండి. రైల్లో ఇబ్బందైతే 139, ఎక్కడైనా ఆపదొస్తే 112. బీపీ మాత్రల్లాంటివి వాడుతుంటే పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. హోటల్ పేరు, ఫోన్ నంబర్ ఒక కాగితం మీద రాసి కోడలికి ఇచ్చి వెళ్లండి.

అబ్బాయికి కోపం రావచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. రానివ్వండి. ఆ రెండు రోజులూ మీరు ఎప్పటిలాగే అన్నం వడ్డించండి, మనవణ్ణి బస్సెక్కించండి. టికెట్ మాత్రం క్యాన్సిల్ చేయకండి.