న్యాయ సలహా: కౌలు పొలంలో దొరికిన ముంత, అందులోని 1942 నాటి రూపాయి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట గ్రామం. ఐదెకరాలు కౌలుకు చేస్తున్నాను. మట్టిలో పూడుకుపోయిన పాత ఇనుప పైపులైను జాడ కోసం నిరుడు 14 వేల రూపాయలకు మెటల్ డిటెక్టర్ కొన్నాను. తర్వాత అది సరదాగా మారి, తీరిక దొరికినప్పుడల్లా పొలంలో తిప్పుతున్నాను. 70 రోజుల కిందట చింతచెట్టు పక్కన మూరెడు లోతులో రాగి ముంత దొరికింది. అందులో 30 చిన్న బంగారు నాణేలు, 1942 అని ఉన్న రాజు బొమ్మ వెండి రూపాయి ఒకటి ఉన్నాయి. బంగారు నాణేలు విజయనగర కాలపు వరహాలని అంటున్నారు. చింతపండుతో తోమి, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. వెండి రూపాయిని మా అక్క కొడుకు సరదా పడితే ఇచ్చేశాను. భూమి యజమానికి విషయం తెలిసి, స్టాంపు కాగితం మీద రాసుకుని చెరి సగం తీసుకుందాం, లేకుంటే పోలీసులకు చెబుతానంటున్నాడు. ఆ భూమిని వాళ్ల నాన్న 1971లో వేరే కుటుంబం దగ్గర కొన్నారట. కంసాలి దగ్గర కరిగించేయమని, ఏడాది గడిస్తే కేసే ఉండదని మా బావమరిది అంటున్నాడు. కువైట్‌లో ఉన్న మిత్రుడు తనకు పంపితే మంచి ధర వస్తుందంటున్నాడు. అమ్మాయి పెళ్లి అప్పుల్లో మునిగి ఉన్నాను. యంత్రం నాది, కష్టం నాది. నాణేలు నావి కావా? అంతకుముందు దూరం నుంచే బంగారాన్ని చూపిస్తుందని చెప్పి ఒక దుకాణదారు 85 వేలకు అంటగట్టిన రెండు కడ్డీల యంత్రం ఏ పనికీ రాలేదు. అది కొని 19 నెలలైంది. ఆ డబ్బయినా వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో అప్పుల గురించి కూడా రాశారు. వాటిపై నేనేమీ రాయడం లేదు, ఎందుకంటే కలెక్టరు విచారణలో గానీ సివిల్ కోర్టులో గానీ ఈ వ్యవహారాన్ని తేల్చేవి అవి కావు. యంత్రం ఎవరిదన్నదీ, ఎండలో ఎవరు తవ్వారన్నదీ కూడా తేల్చవు. తేల్చేది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన వెండి రూపాయి. దాన్ని మీరు పిల్లవాడి చేతిలో పెట్టారు.

మీకు వర్తించేది 1878 నాటి భారత నిక్షేపాల చట్టం. నేలలో గానీ, నేలకు అంటి ఉన్న కట్టడంలో గానీ దాచి ఉంచిన ఏ విలువైన వస్తువైనా ఈ చట్టం దృష్టిలో నిక్షేపమే. విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయల హద్దు 1878 నాటిది కాబట్టి ఈనాడు ముంతలో దొరికే ఏ లోహమూ దాని కిందికి రాదు. ఇంత పాత చట్టం ఇంకా అమల్లో ఉందా అని అడిగేవారు నా దగ్గరికి తరచుగా వస్తారు. ఉంది.

ఇప్పుడు ఆ రూపాయి సంగతి చెబుతాను. ఒక ముంతలోని నాణేలన్నిటిలో చివరిగా ముద్రించినది ఏ సంవత్సరానిదో, ఆ ముంతను అంతకు ముందు పూడ్చి ఉండరు. బంగారు నాణేలు 500 ఏళ్ల నాటివి కావచ్చు. అయినా వాటితో పాటు 1942 నాటి రూపాయి ఉందంటే, ముంతను నేలలో దాచింది 1942లో గానీ ఆ తర్వాత గానీ. అంటే ఇంకా నూరేళ్లు కాలేదు. చట్టంలోని 8వ సెక్షన్ సరిగ్గా ఈ నూరేళ్ల లెక్క మీదే నడుస్తుంది. దొరికిన తేదీకి ముందు నూరేళ్ల లోపల ఫలానా వ్యక్తి దీన్ని దాచాడని, తాను అతని వారసుడినని చెప్పుకునేవారు ఎవరైనా ముందుకు వచ్చి, ఆ మాట నమ్మడానికి కలెక్టరుకు కారణం కనిపిస్తే, వారు సివిల్ కోర్టులో దావా వేసుకోవడానికి గడువిచ్చి విచారణను వాయిదా వేయాలి. అలాంటివారు దావా గెలిస్తే నిక్షేపం వారిదే. మీకూ భూమి యజమానికీ మిగిలేది ఉండదు. ఎవరూ రాకపోయినా, దావా వేయకపోయినా, వేసి ఓడిపోయినా, కలెక్టరు దాన్ని యజమాని లేని నిక్షేపంగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటనపై అప్పీలుకు గడువు రెండు నెలలు.

యజమాని లేదని తేలితే, మీ ఇద్దరి మధ్య ఒప్పందం ఏదీ అమల్లో లేనప్పుడు, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, ఆ స్థలం యజమానికి మిగిలిన ఒక వంతు. మీరు కౌలుదారు కాబట్టి స్థలం యజమాని కారు, దొరికినవారు మాత్రమే. అయితే కౌలు మీద ఉన్నారన్న రుజువు మీరు అక్కడ న్యాయంగానే తవ్వారని చూపిస్తుంది కాబట్టి, పంట సాగు హక్కు పత్రం గానీ కౌలు చెల్లించిన రసీదులు గానీ ఉంటే తీసి పెట్టండి. ఇంకొక మాట కూడా ముందే తెలుసుకోవాలి. పంచకముందే నిక్షేపాన్ని ప్రభుత్వం తరఫున తీసుకునే అధికారం కలెక్టరుకు ఉంది. అప్పుడు చెల్లించేది లోహపు విలువ, దానిపై ఐదో వంతు అదనం. పాత నాణేలు సేకరించేవారు చెప్పే ధరలను మనసులో పెట్టుకుని అప్పుల లెక్క వేసుకోకండి.

మీ భూమి యజమాని తండ్రి 1971లో ఆ భూమిని కొన్నారని రాశారు. మీకు అనుకూలించే వాస్తవం ఉత్తరం మొత్తంలో ఇదొక్కటే, కానీ మీరు దాన్ని గమనించలేదు. నిక్షేపమంతా తనదేనని యజమాని అనాలంటే 1971 తర్వాత తన కుటుంబంలో ఎవరో దాచారని నిరూపించాలి. 1942కూ 1971కీ మధ్య దాచి ఉంటే హక్కు అడగవలసింది అమ్మిన కుటుంబపు వారసులు. యజమానికి స్థలం తాలూకు నాలుగో వంతు తప్ప వేరే హక్కు ఉండదు. అందువల్ల 1971 నాటి విక్రయ దస్తావేజు నకలు, ఆ సర్వే నంబరుపై జరిగిన లావాదేవీలను చూపే ఈసీ, బ్రిటిష్ కాలపు భూ రికార్డైన రీసెటిల్మెంట్ రిజిస్టరులో పాత పట్టాదారు పేరు, ఈ మూడూ తీయించండి. ముంత చుట్టూ చెక్కపెట్టె అతుకులు, తాళం, మేకులు వంటి ఇనుము ఉందా అన్నది కూడా కాలాన్ని చెప్పగల సాక్ష్యమే. తుప్పు మేకులకు మోత రాకుండా ఇనుమును వదిలేసేలా డిటెక్టర్‌ను అమర్చుకునే అలవాటు చాలామందికి ఉంది. మీరూ అలాగే అమర్చి ఉంటే ఆ ఇనుము ఇంకా నేలలోనే ఉండవచ్చు. దాని కోసం మీరు మళ్లీ తవ్వకండి. ఆ గుంటను ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. అవసరమైతే పురావస్తు శాఖవారు చూస్తారు.

ఇప్పుడు మీ నిర్లక్ష్యం సంగతి. 70 రోజులుగా కలెక్టరుకు ఒక్క ముక్క రాయలేదు గానీ, వాట్సాప్‌లో ఊరంతా చూసేలా పెట్టారు. నాణేలను చింతపండుతో తోమి, వాటికి అంటిన మట్టినీ చిలుమునూ పోగొట్టారు. ఏ నాణెం ఎంత కాలం ఏ మట్టిలో ఉందో నిపుణులు చెప్పడానికి పనికొచ్చేవి అవే. అన్నిటికీ మించి, కాలాన్ని చెప్పే ఒకే ఒక నాణేన్ని ఆటవస్తువు చేశారు. ఈ రోజే మీ అక్కగారింటికి వెళ్లి, ఇద్దరు సాక్షుల సమక్షంలో, తేదీ వేసిన చిన్న కాగితంపై సంతకాలతో దాన్ని తిరిగి తీసుకోండి. తుడవకండి.

దాన్ని చూపించకుండా 30 నాణేలే దొరికాయంటే నూరేళ్ల చిక్కే తప్పిపోతుంది కదా అన్న ఆలోచన మీకు వచ్చి తీరుతుంది. ఆ ఆలోచనను ఇక్కడే వదిలేయండి. మీ ఫొటోలో ఆ రూపాయి ఉంది, దాన్ని చూసినవారి ఫోన్లలో ఆ ఫొటో ఉండవచ్చు. మీ ఫోనులోని అసలు ఫొటోను తొలగించకండి. అది ఏ రోజు ఏమేమి దొరికాయో చెప్పే ఎలక్ట్రానిక్ సాక్ష్యం. భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రంతో దాఖలు చేస్తే మీ నిజాయతీకి అదే ఆధారమవుతుంది, దాచితే మీకు వ్యతిరేకంగా అదే నిలబడుతుంది.

కంసాలి మాట అంతకంటే ప్రమాదకరమైనది. 20వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇవ్వకపోయినా, నిక్షేపాన్ని జమ చేయకపోయినా, పూచీకత్తు ఇవ్వకపోయినా, గుర్తు తెలియకుండా దాని రూపం మార్చినా, మార్చడానికి ప్రయత్నించినా, దొరికినవారి వాటా ప్రభుత్వపరమవుతుంది. నేరం రుజువైతే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కరిగించడం అంటే ఆ సెక్షన్‌లోని మాటలను అక్షరాలా నెరవేర్చడమే. కువైట్ మాట కూడా అలాంటిదే. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించడం నేరం, దానికి కనీస శిక్షే ఆరు నెలలు. యజమాని చెబుతున్న స్టాంపు కాగితం కూడా రక్షణ కాదు. పంపకంపై ఒప్పందాన్ని చట్టం గౌరవిస్తుంది, కానీ కలెక్టరుకు తెలియజేసిన తర్వాత, ఆయన పంచేటప్పుడు. ఎవరికీ చెప్పకుండా పంచుకుందామని రాసుకున్న కాగితం ఇద్దరి మీదా సాక్ష్యమే. నేరానికి తోడ్పడిన స్థలం యజమాని వాటా కూడా 21వ సెక్షన్ కింద పోతుంది, ఆరు నెలల వరకు జైలు శిక్షకూ వీలుంది. ఈ మాట ఆయనకు చెప్పండి, బెదిరింపు తగ్గుతుంది.

మీ బావమరిది చెప్పిన ఏడాది లెక్క పూర్తిగా ఆధారం లేనిది కాదు, అందుకే అది మరింత ప్రమాదకరం. ఏడాది వరకు శిక్ష ఉన్న నేరాన్ని ఏడాది లోపల కోర్టు విచారణకు స్వీకరించాలని, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 514వ సెక్షన్ చెబుతుంది. కానీ 515వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిన సంగతి బాధితునికి గానీ పోలీసు అధికారికి గానీ తెలియనప్పుడు, గడువు మొదలయ్యేది వారికి తెలిసిన రోజు నుంచి. మీరు దాచినన్నాళ్లూ గడువు కదలదు. పైగా నోటీసు ఇవ్వకపోవడం రోజురోజుకూ కొనసాగే నేరమని ప్రాసిక్యూషన్ వాదించవచ్చు. వాటా పోవడమన్నది శిక్షకు తోడు వచ్చే నష్టం. ఏడాది గడిచినంత మాత్రాన అది తిరిగి రాదు.

నోటీసుకు చట్టం రోజుల లెక్క పెట్టలేదు, వీలైనంత త్వరగా ఇవ్వాలంది. 70 రోజుల ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవచ్చు, ఏడు నెలలకు చెప్పుకోలేరు. కాబట్టి ఈ వారంలోనే జిల్లా కలెక్టరు పేరిట రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. నాణేల సంఖ్య, రకం, ఉజ్జాయింపు విలువ, సర్వే నంబరు, దొరికిన తేదీ అందులో ఉండాలి. ఆలస్యానికి నిజమైన కారణం రాయండి, తోమిన సంగతీ, రూపాయిని కొంతకాలం బంధువుల పిల్లవాడి దగ్గర ఉంచిన సంగతీ దాచకుండా రాయండి. వీఆర్వోకు నోటితో చెప్పడం నోటీసు కాదు. కలెక్టరేట్ టపా విభాగంలో ఇచ్చి మీ నకలుపై తేదీతో ముద్ర వేయించుకోండి, మరొక ప్రతిని స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రుజువు దాచుకోండి. నాణేలను, ముంతను సమీప ప్రభుత్వ ఖజానాలో జమ చేసి బరువుతో సహా రసీదు తీసుకోండి. అప్పటిదాకా ఇంట్లో ఉంచుకోవలసి వస్తే కలెక్టరు కోరిన పూచీకత్తు ఇవ్వాలి. ఆ తర్వాత కలెక్టరు ప్రకటన వేస్తారు. హక్కుదారులు హాజరు కావలసిన తేదీ ఆ ప్రకటనకు నాలుగు నెలల తర్వాత, ఆరు నెలల లోపల ఉంటుంది. ఆ రోజు హాజరు కానివారి హక్కు పోతుంది. రాష్ట్ర సవరణలు ఏవైనా ఉంటే చూసుకోవడానికి, నోటీసు ముసాయిదాను స్థానిక న్యాయవాదికి ఒకసారి చూపించండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, నంబరు 15100.

డిటెక్టర్ బిల్లు, మోడల్ వివరాలు కూడా జతచేయండి. ఒంటరి నాణెం జానెడు, జానెడున్నర లోతు దాటితే మీ దగ్గరున్నటువంటి చిన్న యంత్రానికి అందడం కష్టం, ముంతంత లోహం మాత్రం మూరెడు లోతులోనూ అందుతుంది. మూరెడు లోతులో ముంతగానే దొరికిందన్న మీ మాటకు ఇది బలం. ఇకపై మీ సరదాను మీరు సాగు చేస్తున్న పొలానికీ, యజమాని రాతపూర్వక అనుమతి ఉన్న చోటికీ పరిమితం చేసుకోండి. గుత్తి, గండికోట వంటి రక్షిత కట్టడాల పరిసరాల్లోనూ, పాత గుళ్ల దగ్గరా ఆ యంత్రంతో కనిపించడమే మీ మీద అనుమానానికి చాలు. రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా తవ్వితే అది వేరే కేసు.

ఇక రెండు కడ్డీల యంత్రం. మామూలు డిటెక్టర్ తీగచుట్టలో విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, దగ్గరున్న లోహం వల్ల దానిలో వచ్చే మార్పును పట్టుకుంటుంది. చేతిలో ఊగే కడ్డీలతో ఫర్లాంగు దూరాన ఉన్న బంగారాన్ని చూపించగల శాస్త్రమేదీ లేదు. ఇలాంటి కడ్డీనే బాంబులు పసిగట్టే పరికరమని ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు శిక్ష విధించింది. మీకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసే హక్కుంది, మీరు ఉంటున్న చోటే వేయవచ్చు, ఐదు లక్షల లోపు చెల్లింపుకు రుసుము లేదు. అయితే గడువు రెండేళ్లు. 19 నెలలు గడిచాయి కాబట్టి మిగిలింది ఐదు నెలలే. బిల్లు లేదా ఫోన్‌పే చెల్లింపు రుజువు, దూరం నుంచే చూపిస్తుందని చెప్పిన ప్రకటన, దుకాణదారుతో మీ సందేశాలు ఉండాలి. యంత్రాన్ని విప్పకండి, అవసరమైతే కమిషనే దాన్ని ప్రయోగశాల పరీక్షకు పంపిస్తుంది.

ఆ ఫిర్యాదులో ఎందుకు కొన్నారో రాయవలసి వస్తుంది, మీరు రాసే ప్రతి వాక్యం ఒప్పుకోలు అవుతుంది. కలెక్టరుకు నోటీసు ఇవ్వకముందు నిధి కోసం కొన్నానని ప్రమాణపత్రంలో రాస్తే, దాన్ని మొదట చదివేది మీ భూమి యజమాని తరఫు న్యాయవాది. అబద్ధం రాయమనడం లేదు. ముందు కలెక్టరేట్ ముద్ర పడిన నకలు చేతిలో ఉండాలంటున్నాను. అది అందిన మరుసటి వారమే దుకాణదారుకు లీగల్ నోటీసు పంపి, జవాబు కోసం 15 రోజులు చూసి, ఫిర్యాదు దాఖలు చేయండి.