పెరట్లో పేరు తెలియని మొక్కలు: పీకేయాలా, ఉంచాలా?

ప్రశ్న: వానలు పడ్డాక మా పెరట్లో మేం వేయని మొక్కలు బోలెడు లేచాయి. ఒకటి నడుమెత్తు పెరిగి గొట్టంలాంటి తెల్లపూలు పూసింది, గుండ్రటి ముళ్లకాయలు కాసింది. ఇంకోటి క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉండి, చిన్న తెల్లపూలతో గోడ పొడుగునా లేచింది. దాన్ని పీకిన రెండు రోజులకు నా చేతులు, మెడ, కనురెప్పలు ఎర్రబడి దురద మొదలైంది, వారమైనా తగ్గలేదు. మూడోది అచ్చం ఆకుకూరలా ఉంది, వండుకోవచ్చని పక్కింటావిడ అంటోంది. ఫోన్ యాప్‌లో ఫొటో పెడితే ఒకసారి ఒక పేరు, ఇంకోసారి వేరే పేరు చెబుతోంది. ఇంట్లో మూడేళ్ల మనవడు ఉన్నాడు. టెన్షన్‌గా ఉంది. అన్నీ పీకేయాలా?

జవాబు: అమ్మా, మీరు మొక్కల గురించి అడిగారు గానీ నా కన్ను ముందు మీ కనురెప్పల మీద పడింది. పీకిన రెండు రోజులకు దద్దుర్లు రావడం, అవి చేతులతో ఆగకుండా మెడకీ రెప్పలకీ పాకడం, పైగా చీలికల ఆకు, చిన్న తెల్లపూలు... ఇదంతా వింటే వయ్యారిభామ అనే అనిపిస్తోంది. దాని ఆకుల మీద నూగులో, పుప్పొడిలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది, అది కొందరి ఒంటికి పడదు. ముట్టుకోగానే ఏమీ కాదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే చాలామంది మొక్కను మర్చిపోయి కొత్త సబ్బునో, కొత్త బట్టలనో అనుమానిస్తుంటారు. అసలు ముట్టుకోనక్కర్లేదు కూడా, ఎండిన మొక్క పొడి గాల్లో తేలి వచ్చినా ముఖం, మెడ, చెవుల వెనక, మోచేతి మడతలు ఎర్రబడతాయి. ఒకసారి ఇలా పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొద్దిగా తగిలినా తిరగబెడుతుంది.

కాబట్టి మిగిలినవి మీరు పీకొద్దు. ఇంట్లో ఈ బాధ లేనివాళ్లు ఎవరైనా పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు వేసుకుని, వీలైతే పూత రాకముందే వేళ్లతో సహా తీసేయాలి. తగలబెట్టొద్దు. ఆరోజు వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. మీరు మెత్తటి సబ్బుతో కడుక్కుని, వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకోండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ తెచ్చి రెప్పలకు రాయడం మాత్రం వద్దే వద్దు. అక్కడి చర్మం చాలా పల్చన, చేతికి పనికొచ్చే క్రీమ్ అక్కడ పనికిరాదు. ఇప్పటికే వారమైంది కాబట్టి స్కిన్ డాక్టర్‌కు చూపించండి. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు కూడా ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

ఇక తెల్లపూలు, ముళ్లకాయలు అన్నది. నేను వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు, పైగా చూడని మొక్క, అయినా మీ వర్ణన ఉమ్మెత్తకు సరిగ్గా సరిపోతోంది. ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నీ విషమే. అందులో అట్రోపిన్, స్కోపోలమిన్ ఉంటాయి. తిన్న అరగంట, గంటలో నోరు పిడచకట్టుకుపోతుంది, ఒళ్లు ఎర్రగా వేడెక్కుతుంది, గుండె దడదడలాడుతుంది, కంటిపాపలు పెద్దవై వెలుతురు చూడలేరు, లేనివి కనబడుతున్నట్టు మాట్లాడతారు. ఒకటి రెండు రోజులు అలా ఉండొచ్చు. ఉడికిస్తే విషం పోతుందనుకుంటారు, ఇది పోదు. లేత ఉమ్మెత్త ఆకు పొరపాటున ఆకుకూరలో కలిసి ఇంటిల్లిపాదీ ఆస్పత్రిలో చేరడం డాక్టర్లు ఎరిగిన విషయమే. తినకపోయినా, దాన్ని పీకిన చేత్తో కన్ను నలుపుకుంటే ఆ ఒక్క కంటి పాపే పెద్దదై చూపు మసకబారుతుంది. అలా వచ్చిన మనిషిని చూస్తే మా డాక్టర్లకు మొదట మెదడులో ఏదో అయిందేమోనన్న భయం వేస్తుంది, స్కాన్ దాకా వెళ్తాం. "తోటపని చేశారా" అన్న ఒక్క ప్రశ్న తట్టక.

జిల్లేడు పాలు కంట్లో పడితే ఇంకో తమాషా: నొప్పి పెద్దగా ఉండదు, చూపు మాత్రం మంచు కమ్మినట్టు అవుతుంది. నొప్పి లేదని ఊరుకోకుండా పావుగంట సేపు మంచినీళ్ల ధార కింద కన్ను కడిగి కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి.

మూడోదాన్ని వండొద్దు. పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది, కానీ ఆమె ఎరిగిన మొక్క, మీ పెరట్లో ఉన్న మొక్క ఒకటేనని ఎవరు చూశారు? పిట్టలు తింటున్నాయి, పురుగులు కొరికాయి, కాబట్టి మనకూ మంచిదే అన్న లెక్క అసలే పనికిరాదు, జిల్లేడు ఆకుల మీద గొంగళిపురుగులు హాయిగా బతుకుతాయి. కొద్దిగా కొరికి చేదుగా ఉందో లేదో చూద్దాం అనుకోవద్దు.

యాప్ విషయానికొస్తే, తప్పు దానిదొక్కదానిదే కాదు. మనం పైనుంచి ఒక్క ఆకు ఫొటో కొట్టి పేరు చెప్పమంటాం, లేత మొక్కలైతే చాలా వరకు ఒకేలా ఉంటాయి. పువ్వో కాయో వచ్చేదాకా ఆగి, మొత్తం మొక్కని ఒకటి, ఆకు పైభాగం, కిందిభాగం, పువ్వు ముందునుంచీ పక్కనుంచీ, కోసిన కాయ, ఇలా తీయండి, పక్కన ఒక నాణెం పెడితే సైజు తెలుస్తుంది. కణుపు దగ్గర ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, కాడ గుండ్రంగా ఉందా, నలుపలకలుగా ఉందా, తుంచితే పాలు వస్తున్నాయా అన్నది (గ్లౌజులతోనే) చూసి రాసుకోండి. వీటిని వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్‌కో, వ్యవసాయాధికారికో చూపిస్తే గట్టిగా చెబుతారు. యాప్ ఇచ్చిన పేరు వెతకడానికి పనికొస్తుంది, తినడానికి కాదు.

అన్నీ పీకేయాలా అంటే, అక్కర్లేదు. మనవడున్నాడు కాబట్టి ఉమ్మెత్త, గన్నేరు, పచ్చగన్నేరు, ఆముదం, గురివింద మాత్రం వాడి చేతికందే చోట ఉంచొద్దు. రెండు గన్నేర్లూ వాంతులతో మొదలై గుండె లయను దెబ్బతీస్తాయి. గురివింద, ఆముదం గింజల పైతొక్క గట్టిది, అలాగే మింగేస్తే చాలాసార్లు అలాగే బయటికి వెళ్లిపోతాయి, నమిలితేనే అసలు ప్రమాదం. నమిలాడో లేదో మూడేళ్లవాడు చెప్పలేడు, లక్షణాలు కనబడటానికి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు దాటొచ్చు. అందుకని "ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు కదా" అని ఆగకూడదు.

వాడు ఏదైనా నోట్లో పెట్టుకుంటే మిగిలింది వేలితో తీసేసి, నోరు కడిగి, ఎప్పుడు తిన్నాడో టైమ్ చూసుకుని నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో గండం. తిన్న మొక్కలోంచి ఆకు, కాయ, పువ్వు ఉన్న కొమ్మ ఒకటి తుంచి కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి, డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది.

మీరు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ఆ చీలికల ఆకు మొక్కని పట్టుకెళ్లకండి. ఫొటో చాలు. వెయిటింగ్ హాల్లో మీ పక్కన కూర్చునేవాళ్లలో అది పడనివాళ్లు ఇంకొకరు ఉండొచ్చు.