రెండేళ్లు వస్తాయని పెద్ద సైజు క్లీట్స్ కొనకండి

బాబుని లిటిల్ లీగ్‌లో, అంటే అమెరికాలో పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో చేర్పించారు, సంతోషం. జారకుండా అడుగున బొడిపెలు ఉండే ఆట బూట్లు, అదే క్లీట్స్‌కి ఎంత పెట్టాలన్నది కదా మీ బెంగ. షాపులో వంద డాలర్లు దాటినవి చూసి గాభరా పడకండి. అడుగున లోహపు ముళ్లుండే మెటల్ స్పైక్స్ జోలికి మీరు పోనక్కర్లేదు, పన్నెండేళ్లలోపు పిల్లల డివిజన్లలో వాటిని వేసుకోనివ్వరు. అడుగున ప్లాస్టిక్, రబ్బరు స్టడ్స్ (బొడిపెలు) ఉండే మోల్డెడ్ రకం చాలు. మిగతా రూల్స్ కోచ్‌ని అడగండి, చెప్తారు.

స్టాండు మీద పెట్టిన బంతిని కొట్టే చిన్నపిల్లల ఆట, టీ-బాల్ వయసైతే అదీ అక్కర్లేదు, మామూలు స్నీకర్స్‌తో కానిచ్చేయొచ్చు. ఇంట్లో సాకర్ క్లీట్స్ ఉంటే అవీ పనికొస్తాయి. బేస్‌బాల్ వాటికి బొటనవేలి కింద అదనంగా ఒక స్టడ్ ఉంటుంది, పరుగు అందుకునేటప్పుడు మట్టిలో పట్టు దొరకడానికి. సాకర్‌లో ఎదుటివాడి కాలికి తగులుతుందని చాలా లీగులు దాన్ని ఒప్పుకోవు. కాబట్టి సాకర్ జోడు ఇక్కడికి తేవచ్చు గానీ, ఇక్కడిది అక్కడికి తీసుకెళ్లకండి.

అసలు డబ్బు పోయేది సైజు దగ్గర. అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లంతా డాలర్‌ని రూపాయల్లోకి మార్చుకుని, వచ్చే ఏడాదికీ పనికొస్తాయని ఒక సైజు పెద్దవి కొంటారు. లోపల కాలు జారుతుంది, మడమ లేస్తుంది, బొబ్బలెక్కుతాయి, బేస్ దగ్గర ఆగబోతే వేళ్లు ముందుకెళ్లి గుద్దుకుంటాయి. వాడు ఆడనంటే మొత్తం ఫీజు గంగపాలు!

సాయంత్రం పూట తీసుకెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. ఆటకి వేసుకునే పొడుగు సాక్స్‌తోనే తొడిగించండి. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి, మడమ వెనక అంచుకి ఆనించి, దాని మీద నిలబెట్టండి. వేళ్ల ముందు అర అంగుళం మిగలాలి, అంతకు మించొద్దు. పాదం పక్కలకి పొర్లితే పొడవు పెంచకండి, వైడ్, అంటే వెడల్పు రకం అడగండి. న్యూ బ్యాలెన్స్ బ్రాండ్‌లో దొరుకుతాయి. లేసులు కట్టాక నాలుగడుగులు పరిగెత్తించండి. మడమ పైకి లేస్తే ఆ జోడు వద్దు.

పార్కింగ్ సిమెంటు మీద వేసుకుని నడిస్తే స్టడ్స్ అరిగిపోతాయి, మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్‌లోనే తొడగమనండి. తడిస్తే న్యూస్‌పేపర్ కుక్కి ఆరబెట్టండి, డ్రయర్‌లో వేస్తే గమ్ ఊడుతుంది. పిచింగ్ చేసే (బంతి విసిరే) పిల్లలకి కాలు ఈడ్చే చోట ముందుభాగం త్వరగా చిరుగుతుంది, వేళ్ల దగ్గర గట్టి రబ్బరు తొడుగు ఉన్నవే చూడండి.

ఎదిగే పిల్లలు, ఏడాదికో జోడు తప్పదు. పాత ఆట సామాను కొని అమ్మే ప్లే ఇట్ ఎగైన్ స్పోర్ట్స్ షాపుల్లో వాడినవి చవగ్గా దొరుకుతాయి. స్టడ్స్ అంచులు గుండ్రంగా అరిగాయా, అడుగు ఊడుతోందా చూసి తీసుకోండి. మీవి పొట్టివైతే మట్టి దులిపి అక్కడే అమ్మచూపండి.