మామయ్యగారికి ఆ కిటికీ చూపించు

చిట్టితల్లీ,

మీ అత్తమామలు వచ్చారని, ఎక్కడికి తీసుకెళ్లాలో తోచడం లేదని అమ్మ ఫోన్లో చెప్పింది. లండన్ ఎలాగూ చూపిస్తావు. ఒక రోజు మాత్రం విల్ట్‌షైర్‌లోని లేకాక్ ఊరికి ఉంచు. మీ మామయ్యగారు తెనాలిలో ముప్పై ఏళ్లు ఫోటో స్టుడియో నడిపిన మనిషి. ఆయన కళ్లారా చూడాల్సిన కిటికీ ఒకటి అక్కడ ఉంది.

పాడింగ్టన్‌లో రైలెక్కి చిప్పెనమ్‌లో దిగితే అక్కడికి మూడు మైళ్లే. పెద్దవాళ్లతో బస్సు కోసం నిలబడకుండా టాక్సీ మాట్లాడుకో. ఊళ్లో తిరగడానికి టికెట్ లేదు, అక్కడి పాత మఠం లేకాక్ అబ్బేకి ఉంది. లోపలి గదులు ఆ రోజు తెరుస్తారో లేదో ముందే చూసుకో.

ముందు అబ్బేకే వెళ్లండి. 1232లో సన్యాసినుల మఠంగా కట్టింది, తర్వాత టాల్బట్ కుటుంబం ఇల్లయింది. అక్కడ సౌత్ గ్యాలరీలో సన్నటి సీసపు పట్టీల మధ్య చిన్న చిన్న గాజు పలకలు బిగించిన కిటికీ ఉంటుంది. 1835 ఆగస్టులో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన హెన్రీ ఫాక్స్ టాల్బట్ దాన్నే ఫోటో తీశాడు. ఇప్పటిదాకా మిగిలిన కెమెరా నెగెటివ్‌లలో అదే మొదటిది. వెండి ఉప్పు పూసిన కాగితం మీద, తపాలా బిళ్లంత బొమ్మ. కొత్తలో భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 పలకలు లెక్కపెట్టగలిగేవాళ్లమని ఆయనే దాని పక్కన రాసుకున్నాడు. ఆయన చిన్న చెక్క కెమెరాలను భార్య ఎలుకబోనులు అనేదట! నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసిన చేతులు మీ మామయ్యగారివి. ఆ కిటికీ దగ్గర ఆయన్ని తొందరపెట్టకు. అసలు నెగెటివ్ అక్కడ ఉండదని మాత్రం ముందే చెప్పు, వెతుక్కుంటారు.

తర్వాత ఊరు. ఉన్నవి నాలుగు వీధులే. 1944లో మటిల్డా టాల్బట్ అబ్బేతో పాటు ఊరినీ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు ఇచ్చేసింది. అందుకే వంగిన చెక్క దూలాల ఇళ్లు, రాతి పలకల కప్పులు అలాగే నిలిచాయి. జార్జ్ ఇన్ అనే పాత పబ్‌లో పొయ్యి పక్కన చక్రం చూపించు. పూర్వం దాంట్లో కుక్కను నడిపించి, నిప్పు మీద మాంసం తిప్పేవాళ్లు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. అది సినిమా సెట్టింగ్ కాదు, ఆ ఇళ్లలో జనం అద్దెకు కాపురం ఉంటున్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఒక కిటికీలోకి ఫోన్ పెట్టాను. లోపల ఒక పెద్దావిడ టీ తాగుతూ తల పక్కకు తిప్పుకుంది. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే. గుమ్మాల్లో కూర్చుని ఫోటోలు దిగొద్దు.

వదినగారికి మోకాళ్ల నొప్పులు కదా, అక్కడి దారులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. చెప్పులు వద్దు, బూట్లు వేయించు. చీర మీద బూట్లేంటి అంటే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ