స్పానిష్ వాలంటీర్ల మెస్సర్‌ష్మిట్‌కి ఏ రంగులు, ఏ గుర్తులు వేయాలి?

మీరు మెస్సర్‌ష్మిట్ బీఎఫ్ 109 యుద్ధవిమానం ఎఫ్ రకానికి 1:48 (అసలులో 48వ వంతు) మోడల్ కిట్ కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యాలో జర్మన్ల తరఫున పోరాడిన స్పానిష్ వాలంటీర్ల దళం 'ఎస్క్వాద్రిల్యా అసూల్' (నీలి దళం) విమానంగా దాన్ని చేద్దామనుకుంటున్నారు. తోక మీద తెల్లరంగు, నల్ల ఇంటూ మార్కు వేయాలా అని అడిగారు.

వేయకండి. నేను సరిగ్గా అదే తప్పు చేశాను. స్పానిష్ పైలట్లు కదా అని తోకంతా తెల్లగా కొట్టి, మాస్కింగ్ టేప్‌తో ఓపిగ్గా ఇంటూ మార్కు గీశాను. అంతా అయ్యాక పాత ఫోటోలు చూసుకుంటే రష్యాలో ఒక్క విమానానికీ అది లేదు. తోక గీకి మళ్లీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆ ఇంటూ మార్కు 1936-39 స్పెయిన్ అంతర్యుద్ధంలో జనరల్ ఫ్రాంకో పక్షానిది. విమానం బాడీ పక్కల మీద నల్లటి గుండ్రం, '6' అంకెతో మొదలయ్యే నంబరు కూడా అప్పటివే. 6 అంటే మెస్సర్‌ష్మిట్, 3 అంటే ఇటలీ ఫియట్. 1941లో రష్యా వెళ్లినవాళ్ల సంగతి వేరు. స్పెయిన్ అధికారికంగా ఆ యుద్ధంలో లేదు. పైలట్లు లుఫ్ట్‌వాఫె (జర్మన్ వైమానిక దళం) యూనిఫాం వేసుకున్నారు, విమానాలూ లుఫ్ట్‌వాఫెవే. కాబట్టి రెక్కల మీద, పక్కన జర్మన్ శిలువ, తోక మీద హాకెన్‌క్రాయిజ్ (నాజీ స్వస్తిక) ఉండేవి.

చాలా కిట్లలో ఆ తోక గుర్తు డెకాల్ (తడిపి అతికించే స్టిక్కర్) ఇవ్వరు, లేదా రెండు ముక్కలుగా ఇస్తారు. మా నాన్నగారు చూసి "మన స్వస్తికమే కదరా" అన్నారు. మన గుమ్మం మీద వేసేది నిటారుగా ఉంటుంది, ఇది ఏటవాలుగా తిరిగి ఉంటుంది. మనది శుభానికి, ఇది నాజీలకు గుర్తు అని చెప్పాను. ఈ పైలట్లు ఎవరి యుద్ధం చేశారో ఆ గుర్తే చెబుతుంది కాబట్టి నేను పెట్టాను. మీకు మనసొప్పకపోతే వదిలేయండి.

మరి స్పానిష్‌తనం ఎక్కడుంది అంటే, చిన్న చిహ్నాల్లో. అంతర్యుద్ధంలో పేరుమోసిన పైలట్ గార్సియా మొరాతో దళానికి నీలి గుండ్రంలో మూడు పక్షుల చిహ్నం ఉండేది, కింద 'విస్తా, సుఎర్తె ఇ అల్ తోరో' అని రాసి ఉండేది. చూపు, అదృష్టం, ఇక ఎద్దు మీదికి, అని ఎద్దుల పోరు మాట. ఆయన యుద్ధం ముగిసిన మూడు రోజులకే, 1939 ఏప్రిల్ 4న, విన్యాసాలు చేస్తూ విమానం కూలి చనిపోయారు. రష్యా వెళ్లినవాళ్లు ఆ నినాదాన్ని తమతో తీసుకెళ్లారు. నాకు ఈ మోడల్ మీద మోజు పుట్టింది దానివల్లే.

రంగుల దగ్గరికొస్తే, ముందు ఏ సంవత్సరం, ఏ కాలం అన్నది తేల్చుకోండి. వంతులవారీగా ఐదు బృందాలు వెళ్లాయి. 1941లో సాలస్ అనే స్పానిష్ పైలట్ నడిపిన మొదటిది 109 ఇ రకంతో మాస్కో వైపు, జేజీ 27 అనే జర్మన్ ఫైటర్ దళం కింద ఉంది. తర్వాతివి జేజీ 51 కింద పనిచేశాయి: 1942లో ఎఫ్ రకం, 1943లో ఫోకె-వుల్ఫ్ 190 అనే వేరే జర్మన్ ఫైటర్, 1944లో చివరి బృందానికి 109 జీ. మీ ఎఫ్‌కి పైన ఆర్‌ఎల్‌ఎమ్ (జర్మన్ విమానయాన శాఖ రంగు నంబర్లు) 74, 75 బూడిద రంగులు, కింద 76 లేత నీలం. వెనక బాడీ చుట్టూ పసుపు పట్టీ, రెక్కల చివర్ల కింద పసుపు. ఇవి తూర్పు యుద్ధరంగంలో సొంత విమానాన్ని గుర్తుపట్టడానికి. నాసిరకం పసుపు వాడితే నిమ్మకాయలా కనిపిస్తుంది, కాస్త ముదురుగానే ఉండాలి.

చలికాలం విమానం చేస్తే పైభాగం తెలుపు. దాన్ని బ్రష్షులతో, నీళ్లకు పోయే రంగుతో, శిలువల చుట్టూ ఖాళీ వదిలి పూసేవారు. అచ్చంగా మెరిసే తెలుపు వేయకండి. రెండు వానలు తిన్న సున్నం గోడలా ఉండాలి. బూడిద రంగులు, డెకాల్స్ అయ్యాక వార్నిష్ వేయండి. అది పూర్తిగా ఆరాక హెయిర్‌స్ప్రే, దాని మీద పలచగా తెలుపు, ఓ గంటలోపు తడి బ్రష్‌తో రుద్దండి. నేను వార్నిష్ మర్చిపోయాను, రెండ్రోజులు ఆగాను; తెలుపు కదల్లేదు, గట్టిగా రుద్దితే శిలువ డెకాల్ ఊడొచ్చింది. మెకానిక్‌లు కాలుపెట్టే రెక్క మొదళ్ల దగ్గర, పొగగొట్టాల వెనక మాత్రం ఎక్కువగా రుద్దండి, అక్కడ ముందు అరిగేది.