మిత్తి అనే మాట గురించి

దేవరకొండ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కల్వకుర్తి దగ్గరి ఆ పత్తి చేను, ఎరువుల దుకాణం ముందు చెప్పుల వరుస, అన్నీ నమ్మాను. అప్పు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. రైతు చేత వడ్డీని మన వైపు మాటలో "మూడు రూపాయల మిత్తి" అనిపించావు, చక్కగా ఉంది. నాలుగు వాక్యాలు దాటగానే "ఏడాదికి మూడు శాతం" అని నీవే లెక్క చెప్పావు. మూడు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు 3 రూపాయలు. ఏడాదికి 36. ఈ లెక్క తప్పయితే ఆ మనిషికి నిద్ర ఎందుకు పట్టడం లేదో చదివేవాడికి అర్థం కాదు.

ప్రామిసరీ నోటు, అంటే అప్పు కాగితం, కోర్టులో చెల్లే గడువు మూడేళ్లు. అందుకే గడువు తీరకముందే కాగితం మారుస్తారు. మా నాన్న అదే మూడు రూపాయల మిత్తికి వెయ్యి రూపాయలు తెచ్చాడు. ఒక్క నెల మిత్తి కూడా కట్టలేకపోయాడు. మూడో ఏడు చివర అరుగు మీద కూర్చుని కొత్త కాగితం రాశారు: అసలు 2,080. చేతికి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు, నిన్నటి మిత్తి ఆ పూట అసలు అయిపోయింది. నాన్న వేలిముద్ర వేసి, బొటనవేలి సిరాను తలవెంట్రుకలకు తుడుచుకున్నాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు.

మిత్తి అంటే చావే అన్న నీ కథ ఆఖరి వాక్యం తీసెయ్యి. పాత తెలుగులో మిత్తి అంటే మృత్యువు, నిజమే. శివుణ్ణి మిత్తిగొంగ, అంటే మృత్యువుకు శత్రువు, అన్నారు. కానీ నీ రైతు ఆ మాటను ఉప్పు, పప్పు అన్నంత మామూలుగా అంటాడు. అందులో చావు వినిపించింది నిఘంటువు తిరగేసిన నీకు, అతనికి కాదు. అతని బాధ మీద నీ చదువును పరచవద్దు.

ఇంకొకటి. దుకాణంలో డబ్బు తరువాత ఇస్తానని తెచ్చిన ఎరువును అప్పు అన్నావు, అది ఉద్దెర. పక్కింటి వాళ్లిచ్చిన 500 చేబదులు. దానికి మిత్తి అడిగితే మాటలు ఆగిపోతాయి.

కథలో నాయనమ్మ ఊరికే కూర్చుని ఉంది. మనవణ్ణి ఒళ్లోకి తీసుకుని, కొడుకు వింటుండగా "అసలు కంటే మిత్తి ముద్దు" అని ఆమె చేత అనిపించు. అప్పు ఆ గడప తొక్కకముందే అనిపించు. తరువాత అదే మాట వాకిట్లో వేరే గొంతు నుంచి వచ్చినప్పుడు నీవు ఏమీ వివరించనక్కర్లేదు.

కాగితం మార్చే ఘట్టం మళ్లీ రాసి పంపు. నీ రైతు ఆ సిరాను ఎక్కడ తుడుచుకుంటాడో నీవే చూసి రాయి. మా నాన్నది తీసుకోవద్దు.

మీ అన్న